పిప్పళ్ల పాలు

నస్పూర్,
నవంబర్ 14

అన్నకు,

నేను మంజులను. మొన్న ఆదివారం నీకు ఫోన్ చేసి పావుగంట మాట్లాడాను. నువ్వు పావుగంటా "ఆఁ, ఆఁ" అన్నావు. తీరా పెట్టేసేటప్పుడు "ఎవరు మాట్లాడేది?" అన్నావు. ముప్పై ఏళ్లు మరమగ్గాల దగ్గర, ఆ సాంచాల చప్పుడులో నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషికి ఫోన్ చేయడం నాదే బుద్ధితక్కువ. అందుకే కాగితం పట్టుకున్నాను. వదినకు చెప్పి నీకు చెప్పించవచ్చు గాని, మనను కన్న అవ్వ చేతి మందు సంగతి మధ్యలో ఇంకొకరి నోట ఎందుకని.

మీ బావకు దగ్గు పట్టుకుంది. దసరా వెళ్లిన దగ్గర నుంచి వదలడం లేదు. బొగ్గు బాయిలో పనిచేసే ఇంట్లో దగ్గు కొత్త కాదు, ముప్పై ఒక్కేళ్లుగా వింటున్నాను. ఇది ఆ దగ్గు కాదు. ముద్ద నోటి దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. దవాఖానకు పోదామంటే నా మీద ఎగురుతాడు. "పోతె సిక్కు లీవుల వెడ్తరు. హాజరు మస్టర్లు పోతయ్. దుమ్ము దగ్గుకు దవాఖానేందే?" అంటాడు.

నిన్న తానే అన్నాడు. "మీ అవ్వ మీ బాపుకు కాచి ఇస్తుండె సూడు, గా పిప్పళ్ల పాలు కాచియ్యరాదు? ఒక్కపారి తాగిన. గా రుచి ఇప్పటికీ నోట్లె ఉన్నది."

బాపు మంచం పట్టినప్పుడు చూసిపోవడానికి మీ బావ ఒక్కడే సిరిసిల్ల వచ్చాడు, నీకు గుర్తుందా? కుమార్ కడుపులో ఉండడంతో నేను ఇక్కడే ఆగిపోయాను. ఆ పాలు ఎట్లా కాస్తారో నేను చూడనే లేదు. అవ్వ వేళ్లు వంకర్లు పోయాక నువ్వే దంచి, నువ్వే కాచేవాడివని వదిన చెప్పింది. ఆ పాలతోనే బాపు దగ్గు కట్టిందని నువ్వు ఎన్నిసార్లు అన్నావో. జర వివరంగా రాయి. ఏది ఎంతో, ఏది ముందో, ఏది తర్వాతో.

కుమార్ అట్లాగే ఉన్నాడు. ఐటీఐ కాగితం బీరువాలో ఉంది, వాడు టైర్ల దుకాణంలో ఉన్నాడు. ఇరవై ఏడు నిండాయి.

నీ చెల్లె
మంజుల


సిరిసిల్ల,
నవంబర్ 21

చెల్లె మంజులకు,

పోయినవి నా చెవులు, నీ నోరు మాత్రం భద్రంగా ఉంది, సంతోషం. ఉత్తరం చదువుతుంటే పక్కన నిలబడి తిడుతున్నట్టే ఉంది. మీ వదిన రోజారాణి "చెల్లె ఏమన్నది?" అని అడిగితే "దగ్గర లేదు గాని కొట్టేది" అన్నాను.

ఇక రాసుకో. శొంఠి చిటికెన వేలంత ముక్క. మిరియాలు ఏడు. పిప్పళ్లు మూడు. అవి దొరకలేదని మానుకోకు, మంచిర్యాలలో మూలికల దుకాణాలుంటాయి, అడుగు. ఎండు పసుపు కొమ్ము అరంగుళం, పొడి పసుపు వద్దు. యాలకులు రెండు. ఇవన్నీ విడివిడిగా వేయించాలి, కలిపి వేయిస్తే పిప్పళ్లు వేగేలోపు యాలకులు మాడతాయి. రోట్లో దంచు, మిక్సీలో వేయకు. మిక్సీ పొడి పాలల్లో కలవదు, అడుగున బురదగా కూర్చుంటుంది.

గసగసాలు ఒక చెంచా, పొద్దున నానబెట్టి సాయంత్రం నూరుకో. గ్లాసున్నర పాలలో ఈ పొడి, గసగసాల ముద్ద వేసి గ్లాసు అయ్యేదాకా సన్న సెగ మీద మరిగించు. కలుపుతూనే ఉండాలి. దించాక జాజికాయను సాన మీద రెండు చుట్లు తిప్పి ఆ గంధం కలుపు. రెండే చుట్లు, మూడోది వద్దు. పలుచని నూలుగుడ్డలో వడగట్టు. చివరికి బెల్లం. అది కూడా పాలు గోరువెచ్చగా అయ్యాకనే. గొంతులో సన్నగా మంట తగలాలి, అదే గుర్తు.

దగ్గు తగ్గుతుంది. బాపు నెల రోజులు ఈ పాలు తాగి మంచం దిగాడు. సాంచా పక్కకు వచ్చి, నేను నేసిన గుడ్డలో తప్పిన పోగును వేలు పెట్టి చూపించి తిట్టాడు కూడా. ఆ తర్వాత ఆయన గుండె ఆగి పోయాడు గాని దగ్గుతో కాదు. బావకు ధైర్యం చెప్పు.

మీ అన్న
దేవదాస్


నస్పూర్,
డిసెంబర్ 19

అన్నకు,

మొదటి రోజు పాలు విరిగాయి. నువ్వు రాసింది రాసినట్టే చేశానని నీ మీద కోపం వచ్చింది. మళ్లీ చదివితే తెలిసింది, బెల్లం మరిగే పాలలో వేశాను. మీ బావ ఆ విరిగిన పాలు కూడా వదల్లేదు, చెంచాతో తిన్నాడు. "జున్నని జెప్పు, ఇంకింత పెట్టు" అన్నాడు.

మూడో రోజుకు చేయి కుదిరింది. పిప్పళ్లు మొదటి దుకాణంలో దొరకలేదు, రెండోదాంట్లో దొరికాయి. దంచుతుంటే పక్క క్వార్టర్ నవీన వచ్చి "ఏం కూరనే, గింత ఘాటు?" అన్నది.

అన్నా, నెల కావస్తున్నది. మనిషి పడుకుంటున్నాడు! ఇన్నాళ్లకు కంటి నిండా పడుకుంటున్నాడు. దగ్గు ఉంది గాని ముందటంత లేదు. ఒక్క మస్టరు పోలేదు. అన్నం తింటున్నాడు. నేను దవాఖాన మాట ఎత్తడం మానేశాను. ఎందుకు ఎత్తాలి? నువ్వు రాసిన కాగితాన్ని పప్పు డబ్బాలో పెట్టుకున్నాను. నీకు మొక్కాలనిపించింది, చిన్నప్పుడు నన్ను ఎన్ని సార్లు కొట్టావో తలుచుకుని ఊరుకున్నాను.

కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను. ఎండాకాలం లోపల అందరం కలిసి పోదాం.

మంజుల


సిరిసిల్ల,
జనవరి 9

చెల్లె మంజులకు,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించాను. చదువుతూ గొంతు పెంచానట, వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారట. నాకేం తెలుస్తుంది?

ఇక్కడ ఆర్డర్ ఆగిపోయి సాంచాలు సగం పడుకున్నాయి. నాకు తీరిక దొరికింది. అందుకని మూడు నెలలకు సరిపడా పొడి దంచి డబ్బాలో పోసి బస్సు పార్శిల్‌లో వేశాను. గసగసాలు, జాజికాయ నువ్వు చూసుకో. తేమ తగలకుండా మూత మీద గుడ్డ కట్టి నూలుతో ముడి వేశాను. తెగిన పోగుకు సాంచా మీద వేసే ముడి అది. గోటితో రాదు, పంటితో లాగు.

బావ ఒళ్లు తేరుకున్నాడా? జ్వరం వంటిది ఏమైనా వస్తున్నదా? ఊరికే అడుగుతున్నాను.

దేవదాస్


నస్పూర్,
ఫిబ్రవరి 6

అన్నకు,

డబ్బా అందింది. జ్వరం లేదు, సాయంత్రం పూట ఒళ్లు కొంచెం వెచ్చబడుతుంది, అంతే.

ఇక్కడ ఇంకొక సంగతి నడుస్తున్నది. బాయి పనివాడు జబ్బుతో పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, అన్‌ఫిట్ అని కాగితం ఇస్తే, ఆ ఉద్యోగం కొడుక్కు వస్తుంది. కాకపోతే రిటైర్ కావడానికి రెండేళ్లయినా మిగిలి ఉండాలి. మే నెల దాటితే మీ బావకు ఆ రెండేళ్లు ఉండవు. అర్జీ పెట్టాం. ఏప్రిల్ పన్నెండున బోర్డు. ఇది తప్పితే ఇంకొకటి లేదు. మీ బావ మొదట ఒప్పుకోలేదు. "కాళ్లు సేతులు ఆడంగ అన్‌ఫిట్ అని ఎట్ల జెప్పుకోను?" అన్నాడు. కుమార్ ముఖం చూసి ఒప్పుకున్నాడు.

నవీన భర్త పోయిన నెల బోర్డుకు వెళ్లాడు. మోకాళ్లు పనిచేయడం లేదన్నాడు. నడిపించి చూసి ఫిట్ అని తిప్పి పంపారు. నవీన మూడు దినాలు పొయ్యి వెలిగించలేదు.

మొన్న అన్నం తింటూ కుమార్ అన్నాడు, "బాపు దగ్గు తగ్గింది గదనే అవ్వా. మరి ఆడ ఏం జూపిస్తడు?" వాడు నవ్వుతూనే అన్నాడు. మీ బావ కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఒక మాట అడుగుతాను, చెప్పు. ఆ పాలలో అసలు పని చేసేది ఏది? ఏది లేకపోతే ఉత్త పాలతో సమానం?

పాలు రోజూ ఇస్తున్నాను.

మంజుల


సిరిసిల్ల,
ఫిబ్రవరి 15

చెల్లె మంజులకు,

పిప్పళ్లు, మిరియాలు, శొంఠి. దగ్గు మీద పనిచేసేవి ఆ మూడే. నిద్ర పట్టించేవి గసగసాలు, జాజికాయ. పసుపుది రంగు, యాలకులది వాసన. ఆ రెండే వేస్తే పెళ్లివాళ్లకు ఇచ్చే పాలవుతాయి. ఎందుకడిగావు? సరుకు దొరకడం లేదా? నేను పంపిన పొడిలో అన్నీ ఉన్నాయి గదా.

బోర్డు సంగతి చదివాను. అల్లుడు కుమార్‌కు ఆ ఉద్యోగం వస్తే నీ సగం బెంగ తీరుతుంది. నేను మార్చిలో ఒకసారి వచ్చిపోతాను. సాంచాలు ఎట్లాగూ ఆగి ఉన్నాయి.

దేవదాస్


నస్పూర్,
మార్చి 2

అన్నకు,

ఇప్పుడు రావద్దు. బోర్డు పని ఉంది, ఇల్లు తీరిక లేదు. ఏప్రిల్ తర్వాత మీరిద్దరూ రండి, కొండగట్టు పోదాం.

అందరం మంచిగ ఉన్నాం.

మంజుల


సిరిసిల్ల,
మార్చి 19

చెల్లె మంజులకు,

నువ్వు రావద్దన్నావు గనుకనే వచ్చాను. రెండు రోజులు మీ ఇంట్లో తిన్నాను, బావ పక్కన చాప వేసుకుని పడుకున్నాను. అక్కడ నోరు తెరవలేదు. నేను మెల్లగా మాట్లాడాననుకుంటాను, అది ఊరంతా వినబడుతుంది. అందుకే ఇంటికి వచ్చాక రాస్తున్నాను.

నాకు దగ్గు వినబడదు మంజులా. కనబడుతుంది. బావ వీపు చొక్కాలో ఎట్లా ఎగిరెగిరి పడుతున్నదో చూశాను. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. డిసెంబర్‌లో తింటున్నాడని రాశావు. నా ముందు నాలుగు ముద్దలు తిన్నాడు, ఐదోది పళ్లెంలో పెట్టేశాడు.

నువ్వు నీళ్లకు పోయినప్పుడు అటక మీది డబ్బా దించాను. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది. ఆ ముడి నేను చీకట్లో తడిమినా గుర్తుపడతాను. డబ్బా నిండుగా ఉంది. నువ్వు సాయంత్రం బావకు ఇచ్చిన పాలు గ్లాసు అడుగున మిగిలితే నేను కూడా రుచి చూశాను. పసుపు, యాలకులు, బెల్లం, అంతే.

ఫిబ్రవరిలో నువ్వు నన్ను ఏది పనిచేస్తుందని అడిగావు. నేను వెర్రివాడిని, విడమరిచి రాశాను.

జవాబు రాయి.

దేవదాస్


నస్పూర్,
మార్చి 24

అన్నకు,

అవును, నేనే ఆపాను. ఐదు వారాలైంది. అప్పటి దాకా నేను దంచుకున్న పొడే నడిచింది. మొదటి రోజు మీ బావ "గిదేందే, గొంతుల మంట తగుల్తలేదు?" అన్నాడు. పిప్పళ్లు పాతబడ్డాయన్నాను. మళ్లీ అడగలేదు.

నన్ను రాక్షసి అనుకో, ఇంకేమైనా అనుకో. నీకు తెలియంది ఒకటి చెప్తాను. పోయినేడు వానాకాలంలో కుమార్ రెండు నెలలు గది తలుపు వేసుకుని పడుకున్నాడు. తిండి లేదు, స్నానం లేదు, మాట లేదు. వాడితో చదివినవాళ్లు ముగ్గురు తండ్రుల ఉద్యోగాల్లోకి వెళ్లారు. ఒకరోజు వాడి చొక్కాలు ఉతుకుతుంటే జేబులో పురుగుమందు పొట్లం దొరికింది. నేను ఎవరికీ చెప్పలేదు. మీ బావకు కూడా చెప్పలేదు. ఆ రెండు నెలలూ వాడి గది గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాను, బియ్యం ఏరాను. ఏదో ఒక పని పెట్టుకుని అక్కడే కూర్చునేదాన్ని. పాయఖానకు పోవాలన్నా భయమే.

ఇప్పుడు వాడు బోర్డు తారీఖు గోడ మీద రాసుకున్నాడు. గడ్డం గీసుకుంటున్నాడు. తండ్రి దగ్గు తగ్గి, వాళ్లు ఫిట్ అని పంపిస్తే, వాడు మళ్లీ ఆ గదిలోకి పోతాడు. ఈసారి నేను గడపలో కూర్చున్నా ఆగడు.

పందొమ్మిది దినాలు అన్నా. పందొమ్మిదే. పన్నెండో తారీఖు సాయంత్రం నుంచి పూటకొక గ్లాసు ఇస్తాను, నీ డబ్బా అంతా కాచి పోస్తాను. బాపు నెలలో లేచాడని నువ్వే గదా చెప్పావు. ఈయన కూడా లేస్తాడు. నేను మనిషిని చంపుకోవడం లేదు, జర ఆపుతున్నాను, అంతే.

దీనికి కార్డు మీద జవాబు రాయకు. కవరులో పెట్టు. కుమార్ చూస్తాడు.

మంజుల


సిరిసిల్ల,
మార్చి 29

చెల్లె మంజులకు,

నువ్వు ఒక్కదానివే ఇంత మోశావని నాకు తెలియదు. తిట్టడానికి కూర్చున్నాను, రాసిన తిట్లు కొట్టేశాను.

అయినా చెప్తున్నాను. ఆ డబ్బా ఈ పూటే విప్పు. బోర్డు వరకు ఆగకు. నాలుగు కాగితాలు రాసి చింపాను. రాయాల్సింది ఇంకా ఉంది గాని, ఇప్పటికి ఇదే. డబ్బా విప్పు.

దేవదాస్


నస్పూర్,
ఏప్రిల్ 22

అన్నకు,

దినవారాలకు వచ్చి నాలుగు దినాలున్నావు. నువ్వు నా వైపు చూడలేదు, నేను నీ వైపు చూడలేదు. అందుకే రాయాల్సి వస్తున్నది.

ఏప్రిల్ ఎనిమిదిన పొద్దున షిఫ్టుకు బూట్లు వేసుకుంటూ దగ్గాడు. లేసులు కట్టడానికి వంగినవాడు లేవలేదు. నోటి వెంట నెత్తురు. బూటు మీద, నేల మీద. కుమార్ ఎత్తుకుని ఆటోలో వేశాడు. దవాఖానలో మధ్యాహ్నం దాకా ప్రాణంతో ఉన్నాడు. పెద్ద డాక్టర్ ఛాతీ ఫొటో తీయించి చూసి నన్ను పిలిచాడు. "ఎన్ని రోజుల సంది దగ్గు?" అని అడిగాడు. "రెండు నెలలు" అన్నాను. నా లెక్కలో అంతే, పాలు తాగిన దినాలు నేను లెక్క పెట్టలేదు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇది టీబీ అమ్మా. దుమ్ము దగ్గు గాదు. ఊపిరితిత్తులు రెండు తిన్నది. ముందుగాల వస్తే ఆర్నెల్లు గోలీలు మింగితే పోతుండె" అన్నాడు.

అంతే. బోర్డుకు నాలుగు దినాల ముందు.

పనిలో ఉండి పోయినవాడి ఉద్యోగం ఎట్లాగూ కొడుక్కే వస్తుందని యూనియన్ వాళ్లు వచ్చి చెప్పారు. బోర్డే అవసరం లేదట. కుమార్ కాగితాల మీద సంతకాలు పెట్టాడు. పెట్టి, బయటకు పోయి గోడకు తల ఆనించి ఏడ్చాడు. మేం ఏం కోరుకున్నామో అది దొరికింది అన్నా. బోర్డు కోసమే పాలు ఆపాను, ఆ బోర్డే అక్కరలేకపోయింది.

నువ్వు విప్పమన్న డబ్బా నేను విప్పలేదు. నీ ఉత్తరం ఒకటో తారీఖున అందింది. పన్నెండు వరకు ఆగుదామనుకున్నాను.

ఇప్పుడు నాకు ఒక్కటే కావాలి. నువ్వు నిజం చెప్పు. బాపుకు నెలలో తగ్గింది గదా. నేను ఫిబ్రవరిలో ఆపకుండా ఉంటే ఈయనకూ తగ్గేది గదా? ఆ డాక్టర్‌కు మన అవ్వ పాల సంగతి తెలియదు, నీకు తెలుసు. నేనే చంపానని నీ నోట చెప్పు. వినాలని ఉంది. అందరూ నన్ను ఓదారుస్తున్నారు, భరించలేకపోతున్నాను.

మంజుల


సిరిసిల్ల,
మే 3

చెల్లె మంజులకు,

నువ్వు చంపలేదు. ఆ పాలు ఎవరినీ బతికించవు మంజులా.

బాపుకు కూడా ఇదే జబ్బు. కరీంనగర్ దవాఖానలో చెప్పారు, గోలీలు ఇచ్చారు. నెలన్నర మింగాడు. కడుపులో తిప్పుతున్నదని, కళ్లు తిరుగుతున్నాయని మానేస్తానన్నాడు. "ఇడిసిపెట్టు బాపు, అవ్వ పాలు మంచిగ పనిజేస్తున్నయ్" అన్నది నేను. ఇరవై ఆరేళ్లవాణ్ని, పిప్పళ్లు దంచి దంచి నా చేతిలోనే మందు ఉందనుకున్నాను. మూడు వారాలు లేచి తిరిగాడు, అది నిజం. సాంచా పక్కన నిలబడి తిట్టాడు, అదీ నిజం. అది గోలీల బలం, గసగసాలు ఇచ్చిన నిద్ర. తర్వాత ఐదో నెలలో బావ పోయినట్టే పోయాడు. గుండె ఆగలేదు.

నువ్వు ఎనిమిదో నెలలో ఉన్నావు. "పిల్లకు మీ బాపు గుండె ఆగిందని రాయ్, గా రోగం పేరు రాయకు, అత్తగారింట్ల సూసే సూపు మారుతది" అన్నది అవ్వ. రాశాను. నువ్వు కాన్పు అయ్యాక చెప్పవచ్చు. అవ్వ పోయాక చెప్పవచ్చు. చెబితే గోలీలు ఎవరు మాన్పించారని అడుగుతావు. అందుకని పాలతో దగ్గు కట్టిందని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. చెప్పి చెప్పి నేనే సగం నమ్మాను.

నవంబర్‌లో నీకు రాసినప్పుడు చివర "ఒకసారి ఛాతీ ఫొటో తీయించు" అని ఒక వాక్యం రాశాను. పాలు అంత బాగా పనిచేస్తే ఫొటో ఎందుకని అడుగుతావని ఆ కాగితం చింపి మళ్లీ రాశాను. జనవరిలో జ్వరం వస్తున్నదా అని అడిగి, నువ్వు ఒళ్లు వెచ్చబడుతున్నదని రాసినా ఊరుకున్నాను. మార్చిలో బావ తువ్వాలు మీద మరకలు చూశాను. గుర్తుపట్టాను. బాపు తువ్వాళ్లు ఉతికింది నేనే. ఇంటికి వచ్చి దవాఖానకు తీసుకుపొమ్మని రాయడానికి బదులు, డబ్బా విప్పు అని రాశాను. ఇంత జరిగినా నా అబద్ధాన్ని కాపాడుకోవడానికే చూశాను.

నువ్వు పాలు ఆపినందుకు ఆయన పోలేదు. నేను ఆ పాలు రాసిచ్చినందుకు పోయాడు. ఆ పాపం నాది. నీది కాదు. నువ్వు అన్నం తిను.

దేవదాస్


నస్పూర్,
జూన్ 14

అన్నకు,

నీ ఉత్తరం వచ్చి నలభై దినాలైంది. జవాబు రాయకూడదనుకున్నాను. రాయాల్సి వచ్చింది.

నా పాపమంతా నీ నెత్తిన వేసుకుందామని చూశావు. అది నీకు పట్టదు. నేను దాచిపెట్టింది ఒకటి ఉంది. మార్చి ముప్పై ఒకటిన మీ బావే అడిగాడు. "మంజులా, నాతోని అయితలేదే. దవాఖానకు పోదాం పా" అన్నాడు. చొక్కా కూడా వేసుకున్నాడు. ఐదు నెలలు దవాఖాన పేరు ఎత్తితే కొట్టవచ్చిన మనిషి, తానే అడిగాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "పన్నెండు దినాలు ఆగు. ఇప్పుడు వోతె మందులిస్తరు, తగ్గుతది, తగ్గితె ఫిట్ అంటరు" అన్నాను. "పోరని కోసమే గద. ఆగుత తియ్" అని చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. ఆ మర్నాడే నీ ఉత్తరం అందింది. దాంట్లో దవాఖాన మాట ఉంటే నేను తీసుకుపోయేదాన్నేమో. పోకపోయేదాన్నేమో. అది ఇక ఎవరికీ తెలియదు. ఈ సంగతి కుమార్‌కు చెప్పలేదు, నీకే చెప్తున్నాను.

నువ్వు అబద్ధం చెప్పకపోతే నాకు నవంబర్‌లోనే భయం పుట్టేది. నాకు ఆశ లేకపోతే మార్చిలో తలుపు వదిలేదాన్ని. ఇద్దరం కలిసి చేశాం. పంచుకుంటే తక్కువ అవుతుందనుకున్నాను, కాలేదు.

కుమార్‌ను ఉద్యోగంలో చేర్చుకునే ముందు మెడికల్ పరీక్షకు పిలిచారు. కొత్త చొక్కా వేసుకుని పోయాడు. ఛాతీ ఫొటోలో మచ్చ కనబడింది. తెమడ పరీక్ష చేశారు. తండ్రిదే వాడికీ అంటింది. ఒక ఇంట్లో, ఒక గాలి పీలుస్తూ ఐదారు నెలలు ఉన్నారు గదా. కాగితం మీద అన్‌ఫిట్ అని రాశారు. తండ్రికి రావాలని మొక్కిన మాట కొడుక్కు వచ్చింది. ఇంటికి తెచ్చి నా చేతికి ఇచ్చి, "సదువుకో అవ్వా" అని గదిలోకి పోయాడు. నేను వెంటనే వెళ్లి ఆ గది తలుపు గడియ ఊడదీయించాను.

ఆర్నెల్లు మందులు వాడి, తగ్గిందని తేలితే మళ్లీ పిలుస్తామన్నారు. రోజూ పొద్దున గోలీలు మింగేదాకా ఎదురుగా నిలబడతాను. నోరు తెరిపించి నాలుక కింద కూడా చూస్తాను. "నేనేమన్న సిన్నపోరన్నా?" అని కసురుకుంటాడు. కసురుకోనీ. వాడికి కడుపులో తిప్పుతుంది, కళ్లు తిరుగుతాయి, బాపుకు తిరిగినట్టే. మింగనని మూడు రోజుల కింద గ్లాసు విసిరికొట్టాడు. ముక్కలు ఏరి, ఇంకొక గ్లాసులో నీళ్లు తెచ్చి, గోలీ పట్టుకుని గంటసేపు నిలబడ్డాను. మింగాడు. వెనక లైన్‌లో ఉండే బుచ్చవ్వ వచ్చి "మిరియాల పాలు కాచి పొయ్యరాదు బిడ్డా, పిల్లగానికి బలమైతది" అన్నది. పాపం, మంచి మనసుతోనే అన్నది. ఆమెను నేను ఏమన్నానో నాకు గుర్తులేదు. నవీన వచ్చి నన్ను లోపలికి లాక్కుపోయింది.

ఇక నీ సంగతి. నువ్వు బాపు పక్కన ఐదు నెలలు ఉన్నావు. మార్చిలో మీ బావ పక్కన పడుకున్నావు, ఆ గ్లాసు అడుగు పాలు తాగావు. దినవారాలప్పుడు నువ్వు రెండుసార్లు దగ్గడం నేను విన్నాను. నీకు వినబడి ఉండదు. రేపే దవాఖానకు పో. వదినను కూడా తీసుకుపో. ఇద్దరికీ ఫొటో తీయించు, తెమడ చూపించు. నేను చూపించుకున్నాను, నాకు లేదన్నారు.

ఏం లేదు, మంచిగనే ఉన్నానని నాకు రాయకు. నువ్వు చేతిరాతతో ఏం రాసినా ఇక నేను నమ్మను. దవాఖాన ముద్ర ఉన్న కాగితాలు రెండు కవరులో పెట్టి పంపు. అవి వచ్చేదాకా నీ ఉత్తరం నా ఇంటికి రావద్దు.

మంజుల